కాదులే ఓబుళేసు

ఓబుళేసు నోట ‘అవును’ అన్న మాట విన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. గుమ్మఘట్టకు అవతల, తెలుగూ కన్నడమూ కలగలిపి మాట్లాడే ఆ చిన్న పల్లెలో ఆయన్ని అందరూ ‘కాదులే ఓబుళేసు’ అనే పిలిచేవాళ్ళు. “ఏమప్పా, బాగుండావా?” అని అడిగితే “యాడ బాగు? కాదులే” అనేవాడు. “అన్నం తింటివా?” అంటే “తింటిని. అరగదులే” అనేవాడు. పెండ్లికి పిలిస్తే వెళ్ళి, అక్షింతలు వేసే చేత్తోనే నుదురు కొట్టుకొని “ఈ జత కుదరదులే” అనేవాడు. జ్వరంతో పడుకున్నవాణ్ణి చూడ్డానికి వెళ్ళి, తల నుంచి కాళ్ళ దాకా చూసి, “కాదులే” అని ఒక్క మాట అనేసి వచ్చేసేవాడు. ఆ రోగి ఓబుళేసు మీద కోపంతోనే లేచి తిరిగేవాడు.

ఊరికి ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఆయన కాదనందే ఎవరూ ఏ పనికీ దిగేవాళ్ళు కాదు.

“ఓబుళేసు ఏమన్నాడు?”

“కాదులే అన్నాడు.”

“అట్లయితే పట్టండప్పా, మొదలుపెడదాం.”

ఈ విషయంలో ఊరందరికంటే ముందుండేవాడు ఆయన సొంత అన్న ఈరప్ప. తమ్ముడు శెనక్కాయ వేస్తే ఈరప్ప కొర్ర వేసేవాడు. తమ్ముడు ఎండ మండిపోతాందంటే ఈరప్ప కంబళి తెప్పించి కప్పుకునేవాడు. చెమటలు కారిపోతున్నా కంబళి తీసేవాడు కాదు.

ఊరంతా నవ్వుకునే ఈ సంగతికి నవ్వని మనిషి ఒకతే ఉండేది. ఆమె ఈరప్ప కూతురు రామక్క.

ఆ చుట్టుపక్కల కాలేజీ గడప తొక్కిన ఆడపిల్ల రామక్క ఒక్కతే. మద్రాసులో హోం సైన్సు బీయస్సీ ముగించుకొని ఇంటికి వచ్చింది. వెనకాలే, ఎమ్మెస్సీలో సీటు ఇచ్చామని కబురు వచ్చింది. అరవై నాలుగో సంవత్సరం అది. వానలు మొహం చాటేసి అప్పటికే రెండేళ్ళు. ఈరప్ప కాడెద్దుల్లో ఒకటి గడ్డి లేక చచ్చిపోయింది. కూతురు సీటు సంగతి చెబితే ఆయన ఔననలేదు, కాదనలేదు. నులకమంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అలా ఎన్నో రోజులు గడిచాయి. రామక్క ఇక ఆశ వదులుకుంది.

అప్పుడు వచ్చాడు ఓబుళేసు.

“అన్నా, దాన్ని ఇంగ పంపొద్దు. ఏం చదువంట అది? రెండేండ్లు కూచొని అన్నం ఉడికేసేది నేర్చుకుంటారంట! నా పెండ్లాం బయమ్మ ఏ కాలేజీలో నేర్చుకునింది? పంపినా పాసుగాదులే.”

గోడ వైపున్న ఈరప్ప ఇటు తిరిగాడు. లేచి కూర్చున్నాడు.

“ఏమంటివి? పాసుగాదా? నా కూతురు పోతాది. రేపే పోతాది. నువ్వెవడురా చెప్పేదానికి?”

రామక్క మద్రాసు వెళ్ళింది. కానీ, కన్నతండ్రి తర్వాత తండ్రంతటివాడు, చిన్నాయన, తన చదువుకు అడ్డం పడ్డాడన్న ముల్లు మాత్రం ఆమె గుండెలో అలాగే ఉండిపోయింది.

ఎమ్మెస్సీలో పరిశోధన చేయాలి. రామక్క పొగలేని పొయ్యిని ఎంచుకుంది. పల్లెటూళ్ళ వంటిళ్ళలో పొగకు ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరీ ఎలా పాడైపోతాయో ఆమెకు చిన్నప్పట్నుంచీ తెలుసు. పిన్నమ్మ బయమ్మ కళ్ళు ఎప్పుడూ చింతనిప్పుల్లా ఉండేవి. ఊళ్ళో కొన్ని ఇళ్ళలో మట్టితో మూత పొయ్యి కట్టి, పొగ పోవడానికి మిద్దె మీదికి గొట్టం పెట్టి, కొన్ని నెలలు ఆ ఇళ్ళను గమనించాలి. ఆమె పనిని చూసే లలితమ్మ మేడం చాలా కచ్చితమైన మనిషి. “పొయ్యి కట్టడం గొప్ప కాదు రామక్కా. దాన్ని వాళ్ళు వాడాలి. వాడకపోతే నీకు పరిశోధనే లేదు” అని ముందే చెప్పింది.

ఊరికి వచ్చి ఇల్లిల్లూ తిరిగింది రామక్క. ఎవరూ ఒప్పుకోలేదు. మిద్దెకు చిల్లు పెడితే అరిష్టమన్నారు. పాత పొయ్యి పగలగొడితే లక్ష్మి వెళ్ళిపోతుందన్నారు. చివరి ఇంట్లో తిమ్మక్క అనే ముసలామె ఉండేది. ఆమె రామక్క చెప్పిందంతా ఓపిగ్గా విని, ఖాళీ కుండ వంచి చూపించింది.

“వండేదానికి గింజలుంటే గదా పాపా, పొగ వచ్చేది!”

రామక్క లేచి నిలబడింది. తిరిగి వస్తుంటే ఎండిన చేలల్లో గాలికి దుమ్ము లేస్తోంది. ఇలాంటి ఊళ్ళో తాను పొయ్యిల గురించి మాట్లాడుతోందా అని సిగ్గుపడింది. ఇంటికి వచ్చి మూలన కూర్చొని ఏడ్చింది.

మర్నాడు ఊరి బావి దగ్గర, అడుగున ఊరే బురదనీళ్ళ కోసం ఆడవాళ్ళంతా బిందెలు పెట్టుకొని కూర్చున్నప్పుడు ఓబుళేసు అక్కడికి వెళ్ళాడు.

“చెప్తాండా, అందరూ వినండి! మా రామక్క కట్టే పొయ్యి ఎవరూ కట్టించుకోవద్దు. మండదులే. మండినా ఉడకదులే. ఉడికినా రుచుండదులే.”

ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

“ఓబుళేసే వద్దన్నాడా?”

“నోరారా వద్దన్నాడు గదమ్మా!”

ఆ సాయంత్రమే తిమ్మక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. “పాపా, రేపు మా ఇంట్లో కట్టు. గింజలు ఎప్పుడన్నా రాకుండా పోతాయా?” తన ఏడుపు విని ముసలామె జాలిపడింది కాబోలు అనుకుంది రామక్క. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎర్రమట్టి పిసికీ పిసికీ రామక్క చేతులు పగిలిపోయాయి. ఎక్కడ పొయ్యి కడుతుంటే అక్కడ ఓబుళేసు వచ్చి గొంతుక్కూర్చునేవాడు.

“గొట్టం వంకర. మండదులే.”

మొదటిసారి ముట్టించినప్పుడు తిమ్మక్క ఇంట్లో పొయ్యి నిజంగానే మండలేదు. ఇల్లంతా పొగ. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ తిమ్మక్క ఓబుళేసు మీదికి లేచింది.

“యాడుండాదప్పా పొగ? నీ కండ్లల్లో ఉండాది! పాపా, నువ్వు సరిజెయ్యి. ఈ మనిషి చూస్తాండగా మండాల!”

రామక్క గొట్టం సరిచేసింది. పొయ్యి మండింది.

ఆఖరికి బయమ్మ కూడా వచ్చింది. “మా ఇంట్లో కూడా కట్టు పాపా. కడితే ఇల్లిడిసి పోతానంటాండాడు మీ చిన్నాయన.”

“పోతే ఎట్ల పిన్నమ్మా?”

“పెండ్లయిన కాడినుంచి పోతాననే అంటాండాడు. ఏ పొద్దు పోయినాడు?”

పొయ్యి కట్టినంతసేపూ రామక్క చిన్నాయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నాలుగో ఏడూ వానలు రాలేదు. ఊరు పలచబడింది. కొందరు బళ్ళారి వైపు కూలికి వెళ్ళిపోయారు. రామక్క పొయ్యిలు కట్టిన ఇళ్ళలో సగానికి తాళాలు పడ్డాయి. తాళం పడిన ఇంటి మిద్దె మీద, పొగ ఎరగని గొట్టం ఒక్కటే నిలబడి ఉండేది. మిగిలిన ఇళ్ళలో కూడా పొయ్యి ఒక్క పూట వెలిగితే గొప్ప. ఎంత ఉడికిందని రామక్క అడిగేది కాదు. కళ్ళు మండుతున్నాయా అని మాత్రం అడిగేది. సరిగ్గా ఆ రోజుల్లోనే లలితమ్మ మేడం పని చూడటానికి వస్తున్నట్టు కబురు పంపింది. పని బాగాలేదని ఆమె అంటే రెండేళ్ళ కష్టం దుమ్ములో కలిసిపోయినట్టే.

మేడం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి వంటిళ్ళలో కూర్చుంది. తాళాలు కూడా చూసింది. తిమ్మక్క పొయ్యిని మెచ్చుకుంది. బయమ్మ తన కళ్ళు చూపించింది. ఎరుపు కొంచెం విరిగిందని రామక్కకు అప్పుడే తెలిసింది. బయమ్మ ఇంట్లోంచి బయటికి వచ్చేసరికి వాకిట్లో జనం. ముందు వరసలో ఈరప్ప, చేతులు కట్టుకొని. పక్కన ఓబుళేసు.

“పెద్దాయనా, ఇది మీ ఇల్లే కదా? ఈ పొయ్యి ఎలా ఉంది?” అని ఓబుళేసును అడిగింది మేడం.

ఓబుళేసు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. తల గోక్కున్నాడు. జనం వైపు చూశాడు. అన్న వైపు చూశాడు. రామక్క వైపు చూశాడు. ఆ మనిషి మాట కోసం తడుముకోవడం ఊరు మొదటిసారి చూసింది.

“బాగలేదు” అన్నాడు చివరికి.

“ఎందుకని?”

“పొగ... రావడంలేదు.”

“పొగ రాకపోతే మంచిదే కదా?”

“యాడ మంచిది తల్లీ? పొగకు ఆడోళ్ళ కండ్లల్లోనైనా నీళ్ళొచ్చేవి. ఈ కరువులో ఇప్పుడు అవిగూడా లేవు.”

ఊరు గొల్లుమని నవ్వింది. “ఓబుళేసు బాగలేదన్నాడంటే బాగున్నట్టే లెక్క!” అని ఈరప్ప అరిచాడు. మేడం మాత్రం నవ్వలేదు. ఊరి లెక్క ఆమెకేం తెలుసు?

మేడాన్ని రైలెక్కించడానికి రామక్క బస్సులో రాయదుర్గం దాకా వెళ్ళింది. రైలు ఎప్పటిలాగే ఆలస్యం. చాలాసేపు కూర్చున్న తర్వాత కాఫీ తెస్తానని రామక్క లేచింది. రెండు లోటాలు పట్టుకొని తిరిగి వస్తూ స్తంభం వెనక ఆగిపోయింది.

మేడం ముందు ఓబుళేసు నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా దుమ్ము. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. అదే బస్సు ఎక్కితే ఊరివాళ్ళు చూస్తారని, చేలకడ్డంగా అంతదూరం నడిచి వచ్చాడు.

“ఊర్లో అబద్ధం చెప్పినాను తల్లీ. పొయ్యి శానా బాగుండాది. నా పెండ్లాం రాత్రిపూట కండ్లు మూసుకొని నిద్రబోతాంది. అంతకుముందు మంటకు కూచొనే ఉండేది.”

“ఆ మాట అక్కడే చెప్పచ్చు కదా?”

“చెప్పింటే తెల్లారేసరికి అన్ని పొయ్యిలూ పగలగొట్టింటారు. నేను బాగుండాదన్న వస్తువు మా ఊర్లో ఎవరూ ఉంచుకోరు.” ఓబుళేసు నేల వైపు చూశాడు. “మొదట్లో నేనూ అందరి మాదిరే మాట్లాడేవాణ్ణి. ముందొచ్చిన కరువులో, ఈడ తవ్వండి, నీళ్ళు పడతాయని మంచి మనసుతోనే చెప్పినాను. ఊరంతా చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వినారు. అడుగున బండ. ఆ పొద్దు నుంచి నేను ఔనంటే జనం కాదంటారు. ఇంగేం చేసేది? మాటను తిరగేసి వాడుకుంటాండా. ఈ పాపను చదువుకు పంపొద్దని నేను కొట్లాడకుంటే మా అన్న ఇంగా గోడ పక్కకే తిరిగి పడుకోనింటాడు.”

“ఈ సంగతి రామక్కకైనా చెప్పలేదా?”

“దానికి దాచేది చేతగాదు తల్లీ. వాళ్ళ నాయన మొగం చూసి నవ్వేస్తాది. అంతటితో చదువు చెడిపోతాది.”

చిన్నాయనతో మాట్లాడకుండా గడిపిన ఆ నెలలన్నీ రామక్క కళ్ళ ముందు తిరిగాయి. భుజానికి మొహం తుడుచుకొని స్తంభం చాటు నుంచి ఇవతలికి వచ్చింది.

ఆమెను చూడగానే ఓబుళేసు ఉలిక్కిపడి, గబగబా తలపాగా చుట్టుకున్నాడు. రామక్క తన లోటా ఆయనకు ఇచ్చింది.

“ఇది బాగుండదులే” అని ఒక్క గుక్కలో తాగేశాడు.

రైలు వచ్చింది. ఎక్కబోతూ మేడం రామక్క భుజం మీద చెయ్యి వేసింది. “వచ్చి రాయడం మొదలుపెట్టు. నీ పని నిలబడుతుంది. తాళాలు పడిన ఇళ్ళ గురించి కూడా రాయి. అది నీ తప్పు కాదు. రాయకపోతే మాత్రం తప్పు.”

తిరుగు బస్సు దిగి, చిన్నాయనా కూతురూ చీకటి పడకముందే ఊరి దారి పట్టారు. రెండు పక్కలా పగుళ్ళిచ్చిన చేలు. దూరంగా, పడమట, ఒక చిన్న మబ్బు.

“చిన్నాయనా, వాన వస్తాదంటావా?”

“రాదులే.”

రామక్క ఆశగా చూసింది. “అంటే వస్తాదా?”

“రాదు పాపా. వాన మీ నాయన మాదిరి కాదు. నేను రాదంటే నిజంగానే రాదు.”

కొంతదూరం నడిచారు. తర్వాత ఓబుళేసే అడిగాడు. “ఈ చదువైనాక ఏం చేస్తావు?”

“అనంతపురంలో ఉద్యోగమొస్తే పోవాలనుండాది. ఇట్లాంటి ఊర్లన్నీ తిరిగే ఉద్యోగం. నాయన ఏమంటాడో!”

ఓబుళేసు నడక వేగం పెంచాడు. “అట్లయితే నువ్వు మెల్లగా రా. నేను ముందు పోతా.”

“ఏమిటికి చిన్నాయనా?”

“ఆడపిల్లను ఉద్యోగానికి పంపితే మర్యాదుండదని మీ నాయనతో గట్టిగా కొట్లాడాల. ఇప్పట్నుంచే మొదలుపెడితే గానీ అప్పటికి దారికి రాడు.”

ఆమె వీధి మలుపు తిరిగేసరికే ఇంట్లోంచి ఈరప్ప కేకలు వినిపిస్తున్నాయి.

“పంపుతా! అనంతపురానికి గాదు, ఢిల్లీకి పంపుతా! ఎవడు అడ్డమొస్తాడో చూస్తా!”

నవ్వు మొహం సర్దుకునేదాకా రామక్క వాకిట్లోనే నిలబడాల్సి వచ్చింది.