పాలకాయతిప్ప ఇసుక

మా అక్క కూతురు బందరు కాలేజీలో పాఠాలు చెబుతూ రాళ్ళ మీద పరిశోధన చేస్తోంది. గులకరాయి కావాలన్నా బయటి నుంచి తెప్పించుకోవలసిన ఈ డెల్టాలో పుట్టి, రాళ్ళ చదువు చదవడం నా వేళాకోళానికి మంచి మేత అయింది. ఒక ఆదివారం చర్చి అయ్యాక గుడివాడలో మా ఇంటికొచ్చి, ఓపిగ్గా చెప్పింది.

"ఇసుకలో మెరిసేది పలుగురాయి మావయ్యా. ఎక్కడో గ్రానైట్ కొండ అరిగి కృష్ణలో కొట్టుకొచ్చింది. చూడ్డానికి అంతా ఒకటే. లోపల మాత్రం అల్యూమినియం, టైటానియం, లిథియం రవ్వంత చిక్కుకుని ఉంటాయి. వాటి పాళ్ళు కొలిస్తే ఏ కొండదో పట్టుకోవచ్చు."

"అయితే రాయి కూడా పుట్టిల్లు దాచుకోలేదన్నమాట."

"నీలా కోతలు కోయదులే!"

విజయవాడ నుంచి అవనిగడ్డ దాకా ఏటి ఇసుక తనే తీసుకుంది. కృష్ణ సముద్రంలో కలిసే పాలకాయతిప్ప ఒక్కటే మిగిలింది. తనకి పరీక్షల డ్యూటీ పడడంతో నేను తెస్తానన్నాను. బయల్దేరాను కూడా. అవనిగడ్డలో స్నేహితుడు భోజనానికి ఆపాడు. రొయ్యల వేపుడు, ఆపైన కునుకు, ఆపైన వాన. అటునుంచటే వెనక్కి వచ్చేశాను. మా వీధిలో కడుతున్న ఇంటి ముందు, గోదావరి నుంచి లారీలో వచ్చిన ఇసుక గుట్టగా పోసి ఉంది. రెండు దోసిళ్ళు సంచిలో పోశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. సముద్రం పోటెత్తి మొలలోతు వచ్చిందనీ, ఒక పీత నా చెప్పు ఎత్తుకుపోతే దాన్ని తరుముతూనే ఇసుక తవ్వాననీ చెప్పాను. తను పగలబడి నవ్వి, పీతని వదిలేసి మిగతాదంతా పుస్తకంలో రాసుకుంది.

కొన్ని నెలలకి ఫోన్ చేసింది. "మావయ్యా, నీ ఇసుకలో టైటానియం మిగతా వాటికన్నా బాగా ఎక్కువ! వేరేచోటి పలుగురాయి సముద్రం దారిన అక్కడికి చేరుతోందేమో. దాని మీదే ఒక అధ్యాయం రాశాను. మా సార్ తెగ మెచ్చుకున్నారు."

"అమ్మా, అది మన వీధిలో ఇసుక. లారీది."

"మళ్ళీ మొదలెట్టావా! ఈసారి పీత లారీ తోలిందా?"

మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నవ్వింది. ఇన్నేళ్ళు కోతలు కోసిన నోటితో నిజాన్ని నిజంలా చెప్పడం నాకు చేతకాలేదు. చివరికి నిజంగానే పాలకాయతిప్ప వెళ్ళి ఇసుక తెచ్చాను. ఆ ఇంటి గోడవార మిగిలిన ఇసుక కూడా పొట్లం కట్టి, రెండూ తన ముందు పెట్టాను. అప్పుడు నవ్వలేదు.

రెండూ కొలిపించింది. తన అధ్యాయంతో సరిపోయింది మా వీధి ఇసుకే. అధ్యాయం తీసేయాల్సి వచ్చింది, థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. సార్ ముందు నా పేరెత్తకుండా "పొరపాటు నాదేనండీ" అందట. ఆ మాట నాకు అక్క చెప్పింది, తను కాదు.

ఇప్పటికీ వస్తుంది, కబుర్లు చెప్పమంటుంది, నవ్వుతుంది. కిందటి నెల మళ్ళీ పాలకాయతిప్ప ఇసుక కావలసి వచ్చింది. తనే సంచి పట్టుకుని బయల్దేరింది. నేనూ రానా అని అడిగాను.

"ఎండగా ఉంది మావయ్యా, నువ్వెందుకులే," అంది.