మేస్త్రి ఏరిన పచ్చముక్కలు

మా మేస్త్రి పోయాడని గుడియాత్తం నుంచి ఫోన్ వచ్చేసరికి నేను వేలూరులో ఒక ఇంటి పనిలో ఇసుక జల్లిస్తున్నాను. మిగిలిన గంపెడూ జల్లించాకే బస్సెక్కాను. పని సగంలో వదిలి వస్తే ఆయన చచ్చి కూడా తిట్టేవాడు.

ఆయన దగ్గర ఆరేళ్లు చిత్తాళుగా చేశాను. ఇసుక, సిమెంటు కలిపి అందించే పని. ఆయన బడి మొహం చూడలేదు. నేను తమిళ బడిలో ఆరో తరగతిలో మానేశాను. తెలుగు అక్షరాలు మాత్రం ఆంధ్రా నుంచి వచ్చే సిమెంటు సంచుల మీద చూసి నేర్చుకున్నాను. అందుకే ఏ కాగితమైనా నా ముందుకు తోసేవాడు. "యేమని రాసుండారు, చెప్పు పాపా."

ఆయనకొక ఎవర్‌సిల్వర్, అదే స్టీలు, చెంబు ఉండేది. టీ అందులోనే తేవాలి. మరిగే టీని కవర్లో పోసి, మూతి మెలిపెట్టి దారం చుట్టి ఇస్తారే, మీరూ తాగే ఉంటారు, అది ఆయనకు గిట్టదు. "ఉడుకు టీలో ఆ కవరు యేం కక్కతాదో యెవురికి తెలుసు?"

ఆ చెంబు పట్టుకుని రోడ్డు దాటాలంటే నాకు నామోషీ. ఒకరోజు అంగట్లోకి కొత్త కవర్లు వచ్చాయి. లేత పచ్చ రంగు, మీద ఆకు బొమ్మ. గెలిచినట్టు తెచ్చి చూపించాను.

"యేమని రాసుండారు?"

"మట్టిలో కలిసిపోతాదంట మేస్త్రీ. ప్లాస్టిక్ మాదిరి కాదంట."

"నిజంగానా?"

"అచ్చేసుండారు కదా! నేనేమన్నా కత చెప్తాండానా?"

"సరే. నువ్వు చదివినావంటే సరే."

చెంబు ఇంట్లో ఉండిపోయింది. టీ ఆ కవర్లలోనే వచ్చింది, రోజుకు రెండుసార్లు, నా చేతులతోనే.

ఆ నెలలోనే కే.వి.కుప్పంలో ఒక ఇంటికి పునాది వేశాం. ఈశాన్య మూల గుంతలో నవధాన్యాలు వేయాలి. ఎప్పుడూ గుడ్డలో మూటకట్టేవాడు, ఆ రోజు గుడ్డ మరిచిపోయి ఆకు కవరు అడిగాడు. "మట్టిలో కలిసిపోయేదే కదా, మంచిదే."

ఏడాదికి నీళ్ల పైపు కోసం ఆ మూలే తవ్వాల్సి వచ్చింది. ధాన్యం ఆనవాలు లేదు. కవరు మాత్రం ఉంది. ఆవగింజంత, నువ్వుగింజంత పచ్చముక్కలై మట్టినిండా పరుచుకుంది. మేస్త్రి మట్టిని జల్లెడలో పోశాడు. పెద్ద ముక్కలు పైన నిలిచాయి. చిన్నవి మట్టితోపాటే కిందికి రాలాయి. గొంతుక్కూర్చుని వేళ్లతో ఏరసాగాడు.

ఇంటి యజమాని చూసి నవ్వాడు. "యేమప్పా మేస్త్రీ, గోడ కట్టేదానికొచ్చినావా, బియ్యం యేరేదానికొచ్చినావా?"

ఆయన తలెత్తలేదు. నాతో మెల్లగా అన్నాడు. "కలిసిపోలేదు పాపా. పొడైంది, అంతే. జల్లెడలో నిలిచేదంటే తీసి పారేస్తాం. దూరిపోయేదాన్ని యాడని యెతికేది?"

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు చెంబు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

తర్వాత ఆయనకు కడుపులో గడ్డ అన్నారు. కవర్ల వల్లేనా అని డాక్టరమ్మను అడిగాను. చెప్పలేం అంది. కవరే చంపిందని నేనూ అనను, నాకు తెలియదు. కానీ ఆకు బొమ్మ అచ్చేసినవాడికి తెలియనక్కర్లేదా? ఏ మట్టిలో, ఎంత వేడిలో, ఎన్నాళ్లకు కలుస్తుందో దాని మీద ఒక్క ముక్క లేదు. మరిగేది పోస్తే మన కడుపులోకి ఏం దిగుతుందో అసలే లేదు. చదవలేని మనిషి నన్ను నమ్మాడు. నేను అచ్చును నమ్మాను. ఆ అచ్చు ఎవరికీ జవాబుదారీ కాదు.

శ్మశానానికి ఆడవాళ్లు రాకూడదన్నారు. ఆ ఆరేళ్లూ ఆయన కట్టిన ప్రతి గోడకూ సున్నం, సిమెంటు అందించినదాన్ని, ఈ మట్టి కూడా నేనే అందిస్తానని పోయాను.

తలా మూడు పిడికిళ్లు వేయాలి. మొదటి పిడికిలి ఎత్తగానే కనిపించాయి, పచ్చవి, తెల్లవి, నీలివి, ప్లాస్టిక్ ముక్కలు. వాటిని ఆయన మీద వేయలేకపోయాను. గుంత గట్టు మీదే గొంతుక్కూర్చుని ఏరసాగాను.

"బిన్నా వెయ్యమ్మా, పొద్దు పోతాంది," వెనక నుంచి ఆయన తమ్ముడు అన్నాడు.

"ఉండు చిన్నాయనా, యేరనీ."

రెండు పిడికిళ్లు వేశాను. మూడోదాన్ని అరచేతిలో పరిచి ఎండకు పట్టాను. పెద్దవన్నీ ఏరేశాను. అయినా మట్టి మధ్యలో ఏదో పచ్చగా మెరుస్తోంది, గోరుకు దొరకనంత చిన్నది.