ఎక్స్‌రే ఫిల్ములో కోసిన పిట్ట

మా మరదలు పోయింది. నా భార్యకు సొంత చెల్లెలు. కర్దనూర్‌లో మా ఎదురిల్లే. మధ్యాహ్నం అన్నం తిని, అచ్చు వేసిన గుడ్డ సంచులు ఆరేసి, ఆ పక్కనే చాప మీద ఒరిగిందట. కూతురు గడపలోంచి నన్ను కేకేసింది: "పెద్దబాపూ, అమ్మ లేస్తలేదు!"

"నేనొచ్చిన్నని చెప్పు, తిట్టనీకన్న లేస్తది" అన్నాను.

లేవలేదు.

పటాన్‌చెరు సంతలో పిట్టబొమ్మ సంచులు అమ్మే మనిషిని మీలో కొందరు చూసే ఉంటారు. ఆమే. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని మానేశాక ఇంట్లోనే స్క్రీన్ ప్రింటింగ్ పెట్టుకుంది. పాత ఫోటో ఫ్రేములోంచి అద్దం తీసేసి, పల్చటి చున్నీ లాగి బిగించి మేకులు కొట్టేది. వేలితో తడితే డప్పులా మోగాలి. దాని కింద బొమ్మ కోసిన ఫిల్ము అతికించి, ఫ్రేమును సంచి మీద పెట్టి, ఒక కొసన రంగు పోసి, చెప్పు రబ్బరు ముక్కతో ఒక్కసారే లాగేది. కోసిన చోటు నుంచే రంగు దిగేది.

"రెండోసారి లాగితే పిట్ట లావైతది బావా, నీ లెక్క."

"నీ లెక్క ముక్కు వంకర పోకుంటే సాలు" అనేవాడిని.

నా భార్య పోయాక, పొద్దున్నే "బావా, బతికే ఉన్నవా?" అని అరిచి అడిగే మనిషి ఆమె ఒక్కతే. ఆ అరుపు కోసమే లేచిన రోజులున్నాయి.

ఫిల్ము సంగతి చెప్పాలి. కాగితమైతే రంగుకు నానిపోతుంది. అందుకని నా పెట్టెలో ఉన్న నా భార్య ఛాతీ ఎక్స్‌రే అడిగింది.

"ఏం జేస్తవ్?"

"అక్కను సంతకు తీస్కపోత."

బ్లేడుతో దాంట్లో రెక్కలు విప్పిన పిట్టను కోసింది, సరిగ్గా పక్కటెముకల నడుమ. ఆ పిట్ట ఎక్కడిదో మా ఇద్దరికే తెలుసు. సంతలో ఎవరి చేతిలోనైనా ఆ సంచి బరువుకు ఊగితే, పక్కన ఎవరో ఆయాసపడుతున్నట్టు వినిపించేది. చెబితే వెక్కిరిస్తుందనుకున్నాను. ఒకరోజు చెప్పేశాను, ఆమె నవ్వలేదు.

"నాకూ ఇనొస్తది బావా. అందుకే రంగు లాగేటప్పుడు నేను మాట్లాడ."

పోయినవాళ్ల చాప, బట్టలు ఊరి బయట పారేయడం మా దగ్గర అలవాటు. మరదలి ఆడబిడ్డ ఆ మూటలో ఫ్రేమును, ఫిల్మును కూడా కట్టింది. నేను మూట మీద చెయ్యి వేశాను.

"ఇడువన్నా. ఆమె చేతి వస్తువు ఇంట్లుంటే ఆమె మళ్లొస్తది."

"రానియ్. నన్ను తిట్టకుండనే పోయింది."

నవ్వు పెదాల దాకే వచ్చింది. నా భార్య బూడిద మంజీరలో కలిసిపోయింది. ఆమె ఎముకలు ఈ లోకంలో మిగిలింది ఆ ఫిల్ములోనే. ఎట్లా వదలను?

మూట విప్పింది మరదలి కూతురే. "పదో దినం వచ్చినోళ్లకిచ్చే సంచులు అమ్మ ఫ్రేముతోనే అద్దుత అత్తమ్మా. ఇగ ఇది యాడికీ పోదు."

ఫిల్మును కడిగి తుడుస్తూ ఆగిపోయింది. "పెద్దబాపూ, ఇవి రెండున్నయ్."

నిజమే. పాతది మెత్తబడితే, వెనక ఇంకో ఎక్స్‌రే పెట్టి, అంచులకు టేపు వేసి, అదే పిట్టను దాంట్లోనూ కోసింది మరదలు. వెనకదాని మూలన ఆమె పేరే ఉంది. ఎప్పుడు తీయించుకుందో ఎవరికీ చెప్పలేదు.

"ఇది అమ్మది. మరి ముందుది ఎవలది?"

"మీ పెద్దమ్మది."

ఆ పిల్లకు అమ్మ కావాలి. నాకు నా భార్య కావాలి. గోరుతో టేపు అంచు లేపబోయాను. నడుమ రంగు ఎండి రెండూ కరుచుకుపోయాయి. లాగితే రెండూ చినుగుతాయి.

చెయ్యి తీసేశాను. "ఉండనీ బిడ్డా. అక్కాచెల్లెండ్లను ఇడదీస్తే నన్ను ఇద్దరూ తిడుతరు. నీ కాడనే పెట్టుకో."

ఆమె ఫిల్మును కిటికీలో సాయంత్రపు ఎండకు ఎత్తి పట్టింది. ఎదుటి గోడ మీద ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల పక్కటెముకలు, నడుమ తెల్లగా వెలుగుతూ పిట్ట. ఏడుపుకు ఆమె చెయ్యి వణికింది. ఎముకలు మెల్లగా లేచి, దిగాయి.

"చెయ్యి కదిలియ్యకు బిడ్డా" అన్నాను.

ఆమె ఫిల్మును కిటికీ చువ్వలకు ఆనించి, రెండు చేతులూ వెనక్కి తీసుకుంది.

గాలి లేదు. గోడ మీద ఎముకలు లేస్తూనే ఉన్నాయి, దిగుతూనే ఉన్నాయి.