బందరు కోటలో బాపు కట్టె

మా ఇంట్లో తలుపు వెనక ఒక తునికి కట్టె ఉంది. మనిషెత్తు, చివర ఇనుప పొన్ను, చెయ్యి పట్టే చోట నున్నగా నల్లబడిన చెక్క. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ బొగ్గూ చెమటా కొబ్బరినూనే కలిసిన వాసన వస్తుంది. మొన్నటిదాకా అది బాపు, అంటే మా నాన్న, మంచం పక్కన ఉండేది.

బెల్లంపల్లి వైపు బొగ్గు గనిని బాయి అంటారు. ఆ బాయిలో మనుషులు పనిలోకి దిగకముందే కట్టెతో పైకప్పు తట్టి, చెవి ఒగ్గి వినడం మా బాపు పని. ఖంగుమంటే గట్టి. బొదబొదమంటే డొల్ల, అందరినీ వెనక్కి పంపాలి. తట్టినవాడు మాత్రం ఆఖరున బయటికి రావాలి. అది బాయి కట్టుబాటు. ఆ అలవాటు ఇంటికీ పట్టుకొచ్చాడు మహానుభావుడు. చొప్పదండిలో మేనత్త గృహప్రవేశం నాడు, పంక్తిలో బూరెలు వడ్డిస్తుండగా లేచి కొత్త స్లాబు తట్టి, మేస్త్రీతో మాటపడ్డాడు. అవ్వ, అంటే మా అమ్మ, తలకొట్టుకుంది: "ఇగ నా నెత్తి సుత తట్టి సూడు, గట్టిదో డొల్లదో!"

అయిదో తరగతిలో మా సారు బందరు కోట గురించి చెప్పారు. డచ్చివాళ్ల చేతి నుంచి, ఫ్రెంచివాళ్ల చేతి నుంచి చివరికి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయిందట. లోపల తుపాకీమందు దాచిన చీకటి గది ఉందట. ఆ గదిలో నిలబడి వస్తానని క్లాసు మొత్తానికీ చెప్పేశాను. ఇక బాపు ప్రాణం తీశాను. రెండు దసరాలు సెలవు దొరకలేదు. మూడో ఏడు సద్దుల బతుకమ్మను సాగనంపిన మర్నాడే, మిగిలిన సత్తుపిండీ మలీద ముద్దలూ డబ్బాలో కుక్కుకుని, రైలు కట్ట పొడుగునా తంగేడు పూలు చూసుకుంటూ రైల్లో బయల్దేరాం. మంథని గోదావరే లోకంలో పెద్ద నీళ్లనుకున్న నాకు, అవతలి ఒడ్డే లేని సముద్రం చూసి భయమేసింది. పెదాలు నాకితే ఉప్పగా ఉంది, గాలి నిండా ఎండుచేపల వాసన.

కోట దగ్గర నేను పరుగెత్తాను. బాపు రెక్క పట్టి ఆపి, గుమ్మం దాటగానే కట్టెతో కప్పు తట్టడం మొదలుపెట్టాడు. లోపల కుర్చీలో కునుకుతున్న కాపలాదారు ఉలిక్కిపడి లేచాడు.

"ఏవయ్యోయ్! లంకెబిందెల కోసం కోట తవ్వుతావేంటి?"

"లంకెబిందెలు లేవు, పాడు లేదు సారూ! మేం బొగ్గుబాయోళ్లం. గీ కప్పు డొల్లగున్నది. జర గా కుర్చీ బయటేస్కో."

వచ్చినవాళ్లంతా పగలబడి నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. లోపలికి పోతానని నేలమీద పడి గుక్కపట్టాను. బాపు కదల్లేదు.

"ఏడ్వు బిడ్డా, మొత్తుకో. ఏడ్సిన పిల్ల రేపటికి నవ్వుతది."

అవ్వనూ నన్నూ ముందు బయటికి తోసి, తను ఆఖరున వచ్చాడు. కాపలాదారు గొణుక్కుంటూనే కుర్చీ చెట్టుకింద వేసుకున్నాడు. విజయవాడ దాకా నేను బాపుతో మాట్లాడితే ఒట్టు. బడిలో ఎగతాళి పాలయ్యాను, ఆ కసి పెద్దయ్యాక కూడా పోలేదు.

ముప్పై అయిదేళ్లయింది. బాపు దిగిన బాయి మూతపడింది. ఇప్పుడు చుట్టుపక్కల అన్నీ ఆకాశం కింద తవ్వే ఓపెన్‌కాస్టులే. కప్పే లేనిచోట తట్టేవాళ్లెవరు? బ్లాస్టింగుల మోతకు బాపు చెవులు కూడా పోయాయి. పోయిన నెల ఆయనే పంతం పట్టాడు: "ఆనాడు నీకు సూపియ్యలే. కాళ్లు నడుస్తున్నప్పుడే పోదాం పా."

మళ్లీ అదే గుమ్మం. చీకటి గది నాలుగడుగుల దూరంలో ఉంది. బాపు కట్టె ఎత్తి తట్టాడు. ఏమీ వినబడక, నా ముఖంలోకి చూశాడు.

"ఎట్ల మోగుతుంది బిడ్డా?"

గట్టిగుందని ఒక్క మాటంటే చాలు, ఆయన పక్కకు జరుగుతాడు. ఇంకోసారి తట్టమన్నాను. ఇంకోసారి. బొదబొద.

"డొల్ల బాపూ!" అని ఆయన చెవిలో అరిచాను. "ఎనుకకు నడువు!"

బాపు కట్టె నా చేతికిచ్చి, గోడ పట్టుకుంటూ ముందు తనే బయటికి నడిచాడు. ఆయన ఎండలోకి చేరిందాకా ఆగి, ఆఖరున నేను వచ్చాను.