కాలరు మీద పసుపు

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అత్తగారు ఊరికే అనలేదు. సిడ్నీలో మాకు తెలిసిన తెలుగు మగవాళ్ళంతా ఆదివారం క్రికెట్ చూస్తూ కూర్చుంటే, మా ఆయన మాత్రం ఐర్లాండ్ వాళ్ళతో కలిసి వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ ఆడటానికి వెళ్ళేవారు. ఎనభైల చివరి మాట. అప్పుడు మేము సిడ్నీ శివార్లలో టూంగాబీలో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయన భవనాలు కట్టే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. సైటులో పనివాళ్ళు సగం మంది ఐరిష్ వాళ్ళు. ఒకరోజు భోజనాల వేళ వాళ్ళు ఆడుకుంటున్న బంతి రోడ్డు మీదికి పోబోతే, డ్రాయింగులు చంకలోనే ఉంచుకుని ఎగిరి ఒంటిచేత్తో ఆపారట. తెనాలి కాలేజీలో వాలీబాల్ ఆడిన చెయ్యి మరి. అప్పటికి వాళ్ళ జట్టుకి గోలు కాచే గోలీ లేడు. ఆ వారమే ఈయన్ని పట్టుకుపోయారు.

ఆ ఆట నాకు మొదట్లో వింతగా ఉండేది. గుండ్రటి బంతే, కానీ చేత్తో పట్టుకోవచ్చు, కాలితోనూ తన్నవచ్చు. గోలు స్తంభాలు ఆకాశంలోకి పొడుగ్గా ఉంటాయి. బంతి అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలో పడితే మూడు. ఆ మూడూ పోకుండా కాచుకోవడం మా ఆయన పని. ఆఫీసులో ఆయన పేరు సరిగ్గా పలికేవాడు ఒక్కడు లేడు. ఆ స్తంభాల మధ్య నిలబడితే మాత్రం జట్టు జట్టంతా ఆయన అరుపుని బట్టి కదిలేది. ఇంట్లో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా గొంతు పెగలని మనిషి అంత గట్టిగా అరవగలరని నాకు అక్కడే తెలిసింది.

జెర్సీలు ఉతకడం జట్టులో ఇంటింటికీ వంతులవారీగా వచ్చేది. మా వంతు వచ్చినప్పుడే కొత్త జెర్సీలు వచ్చాయి, తెల్ల కాలర్లవి. కొత్తబట్టని పసుపు పెట్టకుండా కట్టుకోవడం మా ఇంటావంటా లేదు. మాది దుగ్గిరాల పక్కన, పసుపు పండే నేల. అమ్మ పంపిన పసుపు తడిపి అన్ని కాలర్లకీ లోపలివైపు వేలితో అద్దేశాను. ఎవరికీ కనబడదనుకున్నాను. చెమటకి అది మెడలకి అంటింది. మరుసటి వారం వంతు వచ్చినావిడ సబ్బు పెట్టేసరికి ఆ పసుపంతా ఎర్రబడింది. ఆవిడ హడలిపోయి నాకు ఫోన్ చేసింది.

"మిస్సిస్, ఎవరికి తగిలింది దెబ్బ? అందరి మెడల దగ్గరా రక్తమే."

ఎండలో ఆరేస్తే పోతుందని చెప్పి, ఎందుకు పెట్టానో కూడా చెప్పాను. ఈ సంగతి జట్టంతా పాకింది. ఆ జెర్సీలతో ఆడిన మొదటి మ్యాచ్ గెలిచి ఉండటంతో ఇక నా పని అయిపోయింది. ఆటగాళ్ళకి ఉన్నంత చాదస్తం మా మేనత్తకి కూడా ఉండేది కాదు. ఏ ఇంట్లో ఉతికినా సరే, మ్యాచ్‌కి ముందు సంచి మా ఇంటికి రావాల్సిందే, నేను పసుపు పెట్టాల్సిందే.

"చూడవే, నాకంటే నీ పసుపుకే ఫ్యాన్స్ ఎక్కువయ్యారు," అనేవారు ఆయన.

ఏళ్ళు గడిచాయి. ఆయన మోకాలు అరిగింది. జట్టుని నడిపే పాత మేనేజర్ ఐర్లాండ్ వెళ్ళిపోతుంటే అందరూ కలిసి ఈయన్నే మేనేజర్‌ని చేశారు. గోలులో నిలబడేవాడికి ఆటంతా కనబడుతుంది కదా అన్నారు. ఆయన సరేనన్నారు గానీ గోలీ జెర్సీ వదల్లేదు. ఎవరికి ఏ జెర్సీ ఇవ్వాలో తేల్చేది మేనేజరే. మ్యాచ్‌కి ముందు నంబరు పిలిచి, చేతికిచ్చి, చెయ్యి కలుపుతాడు. అది వాళ్ళ ఆనవాయితీ. ఒకటో నంబరు గోలీది. ఈయన దాన్ని తన భుజాన వేసుకుని రెండు నుంచి పిలిచేవారు. కొత్తగా వచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు మంచి గోలీ, పాపం ఓపిగ్గా బెంచీ మీద కూర్చునేవాడు. సెమీఫైనల్లో ఈయన అందుకోవాల్సిన బంతి ఒకటి వలలో పడింది. ఎలాగో గెలిచారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది.

ఫైనల్ రోజు కారులో ఆయనే మొదలుపెట్టారు. "గోల్లో లేకపోతే వీళ్ళకి నేనెవర్నే? ఎందుకు పిలుస్తారు నన్ను?"

"నాకు మొగుడేగా. అది చాలదా?"

"అది ఎట్టాగూ తప్పదుగా నీకు."

నవ్వాను గానీ ఆయన భయం నాకు తెలుసు. ఆ దేశంలో ఆయన్ని పిలిచి పక్కన నిలబెట్టుకున్నది ఆ జట్టు ఒక్కటే.

మైదానంలో జట్టు బట్టలు మార్చుకునే గదికి వెళ్ళి, జెర్సీల సంచి ఇచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆయన ఒకటో నంబరు జెర్సీ తీశారు. కాలరు మీది పసుపుని బొటనవేలితో ఒకసారి తడిమి, "ఒకటి," అని పిలిచి ఎలక్ట్రీషియన్ చేతిలో పెట్టారు.

"గాలి ఎడమ నుంచి వస్తోంది. మరీ ముందుకి రాకు."

"సరే, బాస్," అన్నాడు ఆ కుర్రాడు. చెయ్యి కలిపిన మా ఆయన వెంటనే వదల్లేదు.

వానలో గట్టు మీద నిలబడి మ్యాచ్ అయ్యేదాకా అరుస్తూనే ఉన్నారు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. తర్వాత క్లబ్బు వెనకాల రేకుల కింద బార్బీ అని, నిప్పుల మీద మాంసం కాల్చుకునే విందు పెట్టారు. నేను గిన్నెలు సర్దుతుంటే, జట్టులో వెనక వరసలో ఆడే భారీ మనిషి ఒక కొత్త వానకోటు పట్టుకొచ్చాడు. మేనేజర్ కోసం అందరూ కలిసి ముందే కొన్నారట. మా ఆయన చెయ్యి చాపితే అతను ఇవ్వలేదు.

"ఆగు, బాస్. ఇది కొత్తది."

నా వైపు చూశాడు. నా చేతుల్లో పసుపు లేదు. అతను సాసేజీల బల్ల మీది పసుపుపచ్చటి ఆవసాసు సీసా తీసి వేలి మీద పిండుకుని, కాలరు లోపల ఒక చుక్క పెట్టాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత తనే తొడిగాడు. మా ఆయన తల వంచుకుని జిప్పు పైకి లాక్కున్నారు, చాలాసేపు పట్టింది.

ఆ కోటు తర్వాత ఎన్నో సీజన్లు వేసుకున్నారు. ఆవసాసు మరక ఒక్క ఉతుక్కి పోయేదే. నేను ఉతకబోయినప్పుడల్లా ఆయన వచ్చి పక్కన నిలబడేవారు.

"మిగతాదంతా ఉతుకు. కాలరు జోలికి మాత్రం పోకు."