సారుకు ఎవరూ పని చెప్పరు

మా వైపు టీలో చక్కెర ఎక్కువ వేస్తారు. ఈ మాట చాలా ఏళ్ళుగా చెబుతున్నాను, ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ చక్కెర కొలత రుచిని బట్టి ఉండదు, వచ్చిన మనిషిని బట్టి ఉంటుంది. పని మీద వచ్చినవాడికి మామూలుగా, బంధువుకు కాస్త ఎక్కువగా, సారు అనిపించుకున్నవాడికి చెంచా నిలబడేంతగా. నాకు షుగరు సరిహద్దు దాకా వచ్చింది, దాటకుండా చూసుకోమని డాక్టరు చెప్పాడు. ఆయన కూడా ఆ మాట చెప్పి నాకు టీ తెప్పించాడు.

పైపులు బిగించడానికి వచ్చిన మనిషికి ఎవరూ అంత చక్కెర వేయరు. నాకు వేస్తున్నారు. నా ఇబ్బంది అదే.

కర్నూలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. గిరాకీ తగ్గితే సరుకు గతి ఏమవుతుందో పాతికేళ్ళు బోర్డు మీద గీతలు గీసి వివరించాను. క్లాసులో పిల్లల కంటే ఫ్యాన్లు ఎక్కువైన ఏడాది, యాజమాన్యంవారు అదే గీతను నాకు మర్యాదగా చూపించారు. పాఠం వాళ్ళకైనా అర్థమైందని సంతోషించాలి.

ఇంట్లో కూర్చున్న మొదటి నెలలో వంటింటి కొళాయి కారడం మొదలైంది. ప్లంబరు రేపు వస్తానన్నాడు. ఆ రేపు కోసం నేనూ నా భార్యా కలిసి ఎదురుచూసినంతగా మా పెళ్ళిలో ముహూర్తం కోసం కూడా ఎదురుచూడలేదు. ఈ ఊళ్ళో జనం నిజంగా ఎవరి కోసమైనా వాకిట్లో నిలబడి చూస్తున్నారంటే అది ప్లంబరు కోసమే. అర్థశాస్త్రం చదివినవాడికి అంతకంటే రుజువేం కావాలి? ఆ మాటే నా భార్యతో అన్నాను. "ఇంట్లో ఉండి నాకు పాఠం చెప్పకుంటే శాలు, ఏమన్నా నేర్చుకో" అంది. దాన్ని ప్రోత్సాహంగా తీసుకున్నాను.

ప్లంబింగు శిక్షణ కేంద్రంలో నా పక్కన కూర్చున్న పిల్లలు నా పాత విద్యార్థుల తమ్ముళ్ళ వయసువాళ్ళు. మే నెలలో, బయట కాకులు కూడా నీడ వెతుక్కునే మధ్యాహ్నం, నీళ్ళు వేడి చేసే విధానాల గురించి పాఠం చెప్పారు. కర్నూలులో మే నెలలో నీళ్ళు చల్లబరచడం ఎవరైనా నేర్పితే కాళ్ళకు దండం పెడతాను. అయినా శ్రద్ధగా విన్నాను. క్లాసులో నిద్రపోకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ వయసులో తెలిసింది.

కోర్సు ముగిశాక ఒక మేస్త్రీ నన్ను పనిలో పెట్టుకున్నాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, తాతల కాలం నుంచీ నీళ్ళ పని చేసే సాయిబుల ఇంటివాడు. పని బాగానే చేస్తాడు. చేసినదానికంటే బాగా చెప్పుకుంటాడు. మొదటిరోజే నన్ను "ఏమప్పా" అన్నాడు. పాతికేళ్ళుగా సార్, సార్ అని విని అలిసిపోయిన చెవులకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ మేస్త్రీకి ఒక అపార్ట్‌మెంటు పని ఒప్పందం కుదిరింది. రాబోయే రంజాన్ వెళ్ళాక మొదలు. నాతో ముందే చెప్పాడు.

"సూడప్పా. ఒక ఇంట్లో నువ్వొక్కనివే మొదలుపెట్టి, నువ్వొక్కనివే ముగించి, కొళాయిలో నీళ్ళు సూపీ. ఆ అపార్ట్‌మెంట్లో ఒక అంతస్తు నీకిడ్సిపెడ్తా. ల్యాకుంటే ఎన్నేండ్లయినా నా ఎనక రెంచి మోస్కుంటా ఉంటావు."

చిన్న షరతు. కానీ ఈ వయసులో నాకు ఇంకొకరు ఇంకో అవకాశం ఇస్తారని నేను అనుకోలేదు. అందుకే ఒక్క ఇల్లు, ఒక్క కొళాయి మొదటి నుంచి చివరి దాకా నా చేతి మీద పూర్తికావాలని ఆశపడ్డాను.

అది కర్నూలులో కుదరలేదు. పని రాక కాదు, నన్ను పని చేయనివ్వక.

మొదటి ఇంట్లో తలుపు తీసినవాడు నా విద్యార్థి. నన్ను చూసి ముఖం వెలిగిపోయింది. చేతిలో రెంచి చూపించాను. అతిథి చేతిలో సంచి అందుకున్నట్టు అందుకుని లోపల భద్రంగా పెట్టాడు. నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి, పక్కగదిలోకి వెళ్ళి ఫోను చేశాడు. "ఇంటికి మా సారొచ్చిండాడు. కొళాయి కారుతాంటే ఏం బాగుంటాది? బిన్నా రాప్పా." వచ్చిన ప్లంబరు కొళాయి బాగుచేస్తున్నంతసేపూ నేను టీ తాగాను.

ఇంకో ఇంట్లో పాత విద్యార్థిని అత్తగారు గుండెలు బాదుకుంది. "సదువు చెప్పిన సారుతో బాత్‌రూము పని చేపిస్తారామ్మా! మన ఇంటికి మంచిదేనా?" నేను అభ్యంతరం లేదన్నాను. నా అభ్యంతరం సంగతి ఎవరూ అడగలేదు. ఆవిడ మనవరాలికి మరునాడు పరీక్ష. ధరలు ఎందుకు పెరుగుతాయో ఒకసారి చెప్పమన్నారు. చెబుతూ ఉండగా మేస్త్రీ మోకాళ్ళ దాకా తడిసి బయటికొచ్చాడు.

"నువ్వీడ ధరలు పెంచుతాండావు, నేనాడ మురిక్కాలవలో మునుగుతాండా. బాగుండాదప్పా మన జోడు!"

టోపీ పెట్టుకుని చూశాను. ముఖానికి మాస్కు వేసుకుని చూశాను. గొంతు పట్టి గుర్తుపట్టారు. నా క్లాసులో నిద్రపోయినవాళ్ళే ముందుగా పట్టేశారు. నందికొట్కూరు, ఆత్మకూరు పోదామంటే, అక్కడి పిల్లలంతా బస్సెక్కి వచ్చి నా దగ్గరే చదివారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. చెడుగా మాట్లాడితే ఎదురు చెప్పవచ్చు. మర్యాదకు ఎదురు చెప్పే విద్య నాకెవరూ నేర్పలేదు. "అయ్యో, వద్దు" అంటూనే కూర్చునేవాణ్ణి.

చివరికి మేస్త్రీ విసిగిపోయి అన్నాడు. "నీ మొగం తెలీని ఊరికి పోదాం పా. కడపలో మా ఖాలా ఉండాది. ఆమె ఇంట్లో పైపులన్నీ మార్చల్ల. ఆడ నువ్వు సారని ఎవురికీ తెల్దు. ఇంగ్లీషు మాట్లాడొద్దు. ఏమడిగినా సొల్లు చెప్పకుండా నీ పని నువ్వు చేస్కో."

ఖాలా అంటే మేస్త్రీ తల్లికి అక్క. కొడుకుతో కలిసి పాత మిద్దె ఇంట్లో ఉంటుంది. బోరు నీళ్ళ ఉప్పు ఏళ్ళ తరబడి పేరుకుని, గోడలోని ఇనుప పైపులు పూర్తిగా పూడుకుపోయాయి. మిద్దె మీద ట్యాంకులో నీళ్ళుంటాయి, స్నానాల గదిలోకి దిగవు. కొడుకు పొద్దున్నే రెండు బకెట్లు మోసిపెట్టి తన మొబైల్ దుకాణానికి పోతాడు. అవి అయిపోతే ఆమె వీధి కొళాయి నుంచి చెంబుతో తెచ్చుకుంటుంది. మోకాళ్ళు వంగవు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికే రోజులో ఆమె ఓపిక అంతా ఖర్చవుతోంది.

మేస్త్రీ నన్ను అప్పగించి, సాయంత్రం లోపల వచ్చి నీళ్ళు చూస్తానని బంధువుల ఇళ్ళకు పోయాడు.

"ఏమప్పా, ఈ వయసులో నేర్చుకుంటాండావంటనే?" అందామె.

"అవునమ్మా."

"ముందేం చేస్తాంటివి?"

"అవీ ఇవీ చిల్లర పనులమ్మా."

"పోన్లే. ఇప్పుడన్నా మంచిపని పట్టినావు."

పాతికేళ్ళ నా అధ్యాపక వృత్తి గురించి ఇంత క్లుప్తమైన సమీక్ష ఎవరూ రాయలేదు.

ఆమెకు ఒకే కోరిక. కూర్చుని కడుక్కునేందుకు కింద ఒక కొళాయి కావాలి. ముక్కాలిపీట తెచ్చుకుని, దాని మీద మెల్లగా కూర్చుని, గోడ మీద అరచెయ్యి ఆనించి చూపించింది. "ఈడుండల్ల. ఇంగ పైకి వద్దు, కిందికి వద్దు." ఆ అరచెయ్యి చుట్టూ నేను సుద్దముక్కతో గీత గీశాను. నా కొలతల్లో అంత కచ్చితమైనది మరొకటి లేదు.

పొద్దున్నుంచి పని సాగింది. ఎవరూ టీ ఇవ్వలేదు. చెంబెడు మంచినీళ్ళు వాకిట్లో పెట్టి, తాగమని సైగ చేసి ఆమె తన పని చూసుకుంది. గోడలో గాడి కొట్టాను, కొత్త ప్లాస్టిక్ పైపులు కోశాను. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చాలా కాలం తర్వాత నేనొక పని చేస్తున్నానని అనిపించింది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. పైపుల్ని ముందు జిగురు పూయకుండా ఊరికే ఒకదాంట్లో ఒకటి దోపి చూసుకోవాలి. కొలతలన్నీ సరిపోయాక, మళ్ళీ ఒక్కొక్కటే ఊడదీసి, జిగురు పూసి, బిగించి, ఆరనివ్వాలి. పూయని అతుకు కూడా చూడ్డానికి పూసినట్టే ఉంటుంది. మేస్త్రీ ఇవన్నీ తలలో పెట్టుకుంటాడు. నాకు అలవాటు లేదు. కొలత సరిపోయిన అతుకు మీదల్లా ఎర్ర మార్కరుతో టిక్కు పెట్టుకుంటూ పోయాను. కింది కొళాయి దాకా అన్నిటికీ టిక్కులు పడ్డాయి. చెయ్యి ఆగలేదు. పాతికేళ్ళు పేపర్లు దిద్దిన చెయ్యి అది. తర్వాత మిద్దె మీద నుంచి జిగురు పూస్తూ దిగి, సగం దాకా వచ్చాను.

అప్పుడు ఖాలా కొడుకు అన్నానికని ఇంటికొచ్చాడు.

స్నానాల గది గుమ్మంలో నిలబడి, నన్ను పక్కనుంచి చూశాడు, ముందు నుంచి చూశాడు.

"సార్! మీరా సార్!"

నాకతను గుర్తుకు రాలేదు. క్లాసులో ఎక్కడ కూర్చునేవాడివని అడిగాను.

"కూర్చునేటోణ్ణి కాదు సార్. కర్నూల్లో రూము తీసుకున్న్యా గానీ కాలేజీకి వచ్చింది తక్కువ. మీరు అటెండెన్స్ ఎయ్యకపోయింటే నేను పరీక్షే రాసేటోణ్ణి కాదు."

మా తల్లి దగ్గర కూడా నేనింత ఆప్యాయత చూడలేదు. అతను నా చేతిలోని జిగురు డబ్బా తీసి మూత పెట్టాడు. మణికట్టు పట్టుకుని లేపాడు. బకెట్లో మిగిలిన నీళ్ళతో, అంటే వాళ్ళమ్మ మధ్యాహ్నానికని దాచుకున్న నీళ్ళతో, నా చేతులు సబ్బు పెట్టి కడిగాడు. ఖాలా హాల్లో నిలబడి చూస్తోంది.

"ఇంకా కొంచెం పని ఉంది బాబూ" అన్నాను.

"పని యాడికి పోతాది సార్? అన్నం తిందురు రాండి."

వెళ్ళాను. కంచంలో అన్నం, గోంగూర, వేడి పప్పు. పక్కనే నిలబడి విసురుతూ, కాలేజీలో తాను రాని రోజుల గురించి ఎంతో ప్రేమగా చెప్పాడు. నేను అతుకుల గురించి ఏదో మొదలుపెట్టాను, ఇంకో గరిటె అన్నం పడింది. ఈ ఎండలో సారు మిద్దె ఎక్కాలా అంటూ అతను బయటికి వెళ్ళాడు. నా సామాన్లు దించుకొస్తాడనుకున్నాను. మిద్దె మెట్ల మీద నుంచి కేక వినిపించింది.

"అమ్మా, సార్ పనంతా ముగించినాడు. అన్నిటికీ టిక్కులేసిండాడు. నీళ్ళిడుస్తాండా!"

నోట్లో ముద్ద ఉంది. అది మింగి అరిచేలోపల అతను ట్యాంకు వాల్వు తిప్పేశాడు.

నా దగ్గర చదవకపోయినా, నా టిక్కు అర్థం అతనికి బాగా తెలుసు. టిక్కు పడిందంటే ఇక చూసుకోనక్కర్లేదు. ఆ నమ్మకం అతనికి ఇచ్చింది నేనే, అటెండెన్సుతో పాటు.

నేను స్నానాల గదికి చేరేసరికి ఖాలా అప్పటికే ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ కింది కొళాయి ముందు దోసిలి పట్టింది. పైన గోడలో మొదటి పూయని అతుకు ఊడింది, దాని వెనుక మరొకటి. నీళ్ళు కొళాయిలోకి రాలేదు, ఆమె తల మీదికి వచ్చాయి. కడప మధ్యాహ్నం ట్యాంకు నీళ్ళు, చర్మం కాలేంత కావుగానీ ఉలిక్కిపడి లేచేంత వేడి. మోకాళ్ళు సహకరించక ఆమె లేవలేకపోయింది. నేను రెండు చేతులతో రెండు అతుకులు అదిమి పట్టుకున్నాను. మూడోది ఊడింది. నాకు మూడో చెయ్యి లేదు. "ఆపు, ఆపు" అని పైకి అరిచాను. అతను "బాగా వస్తాండాయా సార్?" అని అడిగాడు.

వాల్వు కట్టేసేసరికి హాలు దాకా నీళ్ళు పారాయి. ట్యాంకులో మిగిలినవెన్నో చూసే ధైర్యం ఎవరికీ లేదు. సరిగ్గా అప్పుడే మేస్త్రీ వచ్చాడు. నేలను చూశాడు, గోడను చూశాడు, ఎర్రటి టిక్కుల్ని ఒక్కొక్కటే చూశాడు.

"ఇదేందప్పా, గోడకు మార్కులేస్తివా?"

"తప్పు నాది భాయ్" అన్నాడు ఖాలా కొడుకు. "సార్‌ని ఏమనొద్దు. సార్ ఎంత మంచోడో నీకు తెల్దు."

"వీని సారువేనని నాకు చెప్పకుంటివే" అని నన్ను చూసి మేస్త్రీ నవ్వబోయి ఆగిపోయాడు. "వాడు కాలేజీకి పోనే ల్యాదని ఊరంతా అంటాండ్రి. వాడు నిన్నెట్ల గుర్తుపట్టె?"

"వాకిట్లోనే చెప్పల్ల భాయ్, మా ఇంట్లో సారుతో పైపులు మోయించేదా? ఇంగ మీరు ముట్టుకోవద్దు సార్. కూర్చోండి. మిగతాది మా భాయ్ చేస్తాడు."

అతను నన్ను సమర్థించేకొద్దీ అపార్ట్‌మెంటులో ఆ అంతస్తు నా నుంచి ఎత్తుగా, దూరంగా పోతున్నట్టు అనిపించింది. మేస్త్రీ చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. జిగురు డబ్బా మూత తీసి, నేను ఆపిన చోటి నుంచి మొదలుపెట్టాడు. నేను పైపు అందించబోతే, నా చేతిలోంచి కొడుకు అందుకున్నాడు.

ఖాలాను అంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. ఆమె గోడ పట్టుకుని తనంతట తనే లేచింది. తడిసిన కొంగు ముందుకు లాక్కుని, నింపాదిగా పిండింది. కొడుకును చూడలేదు, మేస్త్రీని చూడలేదు.

"వాడు పిలిచె సరే" అంది నాతో. "నువ్వెందుకు పోతివప్పా?"