అక్షరాలు చెరిగిన కీబోర్డు

చీటీలక్కకు కోపం వచ్చిందన్న మాట ఆస్పత్రిలో పాకినప్పుడు మొదట ఎవరూ నమ్మలేదు. "ఎవరికి, మన మూడో కిటికీ అక్కకా? ఊరుకోవయ్యా, ఇదేం వేళాకోళం!" అని కొట్టిపారేశాడు గేటు దగ్గరి కాపలాదారు.

ఆయన తప్పేం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీ వెనక కూర్చుని, వచ్చినవాళ్ళ పేరూ వయసూ బాధా అడిగి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో చీటీ ఇచ్చి పంపే మనిషి ఆవిడ. అందుకే ఆ పేరు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. గొంతు పెంచడం మాట అలా ఉంచి, ఎదుటివాళ్ళ మాట మధ్యలో తుంచడం కూడా ఆవిడకు చేతకాదు. అటువంటి మనిషికి అరికాలి మంట నెత్తికెక్కిందంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

అది ఎందుకు ఎక్కిందో తెలియాలంటే ముందు ఆవిడ టైపు ఎలా కొడుతుందో తెలియాలి.

పల్లెటూరి బడిలో పదో తరగతి గట్టెక్కాక ఆవిడ టైపు నేర్చుకుంది. టైపు నేర్పే మాస్టారు మిషను మీటల మీద ఒక చెక్కపెట్టె బోర్లించేవారు. దాని ముందున్న సందులోంచి చేతులు లోపలికి పోనిచ్చి కొట్టాలి. అక్షరం కనపడదు. మొదటి నెలంతా ఏడుపు. "వేళ్ళకి కూడా కళ్ళుంటాయి తల్లీ, వాటిని నమ్ము. నీ కళ్ళు ఇంకో పనికి మిగుల్తాయి" అనేవారు మాస్టారు. ఆ ఇంకో పని ఏమిటో ఆస్పత్రి కిటికీ వెనక కూర్చున్న మొదటి వారంలోనే తెలిసింది. అది మనుషుల్ని చూడటం.

పొద్దున్నే కుర్చీలో కూర్చుని, దేవుణ్ణి ఒక్క క్షణం తలుచుకుని, చేతులు కీబోర్డు మీద పెట్టేది. అంతే, మళ్ళీ దాని వంక చూసేది కాదు. వేళ్ళు తమ మానాన తాము టకటకా నడిచేవి, చూపు మాత్రం కిటికీకి అవతలున్న ముఖం మీదే. "మెట్ల మీంచి జారిపడ్డానండీ" అని ఒకామె చెబుతుంటే, వెనక నిలబడ్డ మొగుడి కళ్ళలోకి చూసి, ఆయాను పిలిచి, "ఈ అమ్మాయిని ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్ళు, ఆయన ఇక్కడే కూర్చుంటారు" అనేది. వరసలో ఎనిమిదో మనిషి గోడను ఎలా పట్టుకున్నాడో చూసి కుర్చీ పంపించేది. ఇదంతా చేస్తున్నానని ఆవిడకే తెలిసేది కాదు, అలవాటు.

ఇలా ఉండగా ఆ నెల మొదటి సోమవారం మూడో కిటికీలోకి కొత్త కంప్యూటరు వచ్చింది. నిలువుటద్దమంత తెర. కీబోర్డు లేదు, మౌసు లేదు. దాన్ని తెచ్చిన కంపెనీ మనిషికి ముప్పై దాటి ఉంటాయి. మెడలో టై వదలడు కాబట్టి ఆయా పూటలోపే అతనికి టైబాబు అని పేరు పెట్టేసింది.

"ఇంక టైపు కొట్టే బాధే లేదు మేడమ్. అంతా వేలికొసనే" అన్నాడు టైబాబు. తెర మీద బొమ్మలు: కడుపు, గుండె, కన్ను, చెవి, ఎముక. పేరుకు తెర మీది అక్షరాలు తాకి, ఏ బొమ్మ నొక్కితే ఆ డాక్టరు చీటీ వస్తుంది. "ఇప్పుడే ఏం చూశారు? వచ్చే ఏడు దీనికి చెవులొస్తాయి, చెప్పింది వింటుంది. ఆ పై ఏడు కళ్ళొస్తాయి. మనిషి ముఖం చూసి జబ్బేంటో అదే చెప్పేస్తుంది."

"మరి మేమేం చెయ్యాలి బాబూ? రోజూ వచ్చి దాని ఒంట్లో ఎలా ఉందో అడిగి పోవాలా?" అంది ఆయా. అందరూ నవ్వారు. చీటీలక్క కూడా నవ్వింది. అప్పటికింకా కోపం రాలేదు.

ఆదివారాలు పోను పదిహేను రోజులు మూడో కిటికీలో వాడి చూడటం, బాగుందని చీటీలక్క ఒప్పుకుంటే ఎనిమిది కిటికీల్లోనూ అవే పెట్టి, పాత కీబోర్డులన్నీ తుక్కుకు పంపటం, అదీ ఏర్పాటు. ఆవిడ కీబోర్డు అప్పుడే గోనెసంచిలో పడి, సూపరింటెండెంటు గారి గది మూలకు చేరింది.

మూడోరోజుకే కుడిభుజం పట్టేసింది. బల్ల మీద చేతులాన్చి పని చేసుకునే మనిషి, రోజుకు రెండువందల మందికి చెయ్యెత్తి నొక్కాలి. రాత్రి అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళటం లేదు. మోటార్లకు తీగలు చుట్టే పని చేసే మొగుడు వేడినీళ్ళ సంచి భుజం మీద పెడుతూ, "రోజంతా చెయ్యెత్తి నిలబెట్టడానికి నువ్వేమన్నా కూడల్లో పోలీసువటే? మా కొట్లో మోటారు కూడా ఇంత వేడెక్కదు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు గాని, ఆవిడకు నవ్వు రాలేదు. భుజంనొప్పి కన్నా పెద్దది ఇంకేదో లోపల తొలుస్తోంది, అదేమిటో అంతుపట్టలేదు.

పదకొండో రోజున అంతుపట్టింది.

ఆ రోజు ఒక పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి, "గ్యాసు పట్టేసిందమ్మా, కడుపులో" అన్నాడు. ఆవిడ కళ్ళు తెర మీద కడుపు బొమ్మను వెతుకుతున్నాయి. వేలు చెమటకు జారి ఒకసారి నొక్కు పడలేదు, రెండోసారి పడింది. చీటీ వచ్చింది. "పంతొమ్మిదో గది, ఆ చివర్న" అని చెప్పి తలెత్తేసరికి ఆయన వెళ్ళిపోయాడు, కిటికీ ముందు ఇంకెవరో ఉన్నారు.

అరగంట తర్వాత ఆయా పరుగున వచ్చింది. "అక్కా, పంతొమ్మిదో గది బెంచీ మీద పెద్దాయన ఒరిగిపోయాడు! గుండె వార్డుకి తోసుకెళ్ళాం. డాక్టరు బతుకుతాడన్నాడులే. పాపం, వచ్చిందగ్గర్నుంచీ చెయ్యి గుండె మీదే పెట్టుకుని ఉన్నాడట. చొక్కా తడిసి ముద్దయిపోయింది."

చీటీలక్క పంతొమ్మిదో గది వైపు చూసింది. గుండె మీద చెయ్యి. తడిసిన చొక్కా. ముఖాన ఎంత చెమట పట్టి ఉంటుందో! రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళలో అటువంటి చెయ్యి కనపడితే ఎన్నిసార్లు చీటీ సంగతి పక్కన పెట్టి చక్రాల కుర్చీ కోసం కేకేసింది! ఆయన ముఖం ఎలా ఉంటుందని ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పడం ఆవిడ వల్ల కాదు. చూడలేదు కాబట్టి.

సాయంత్రం వార్డుకు వెళ్ళింది. పెద్దాయన నిద్రపోతున్నాడు. కోడలు లేచి, ఉన్న ఒక్క స్టూలూ ఈవిడకిచ్చి, "మీరు వెంటనే చీటీ ఇచ్చి పంపారమ్మా, లేకపోతే వరసలోనే ఏమైపోయేవాడో మా మామయ్య" అని చేతులు పట్టుకుంది. తిట్టినా బాగుండేది. ఆ మంచిమాటకు చీటీలక్క ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంట ముందు తన మీద, తర్వాత ఆ అద్దపు తెర మీద. వార్డు నుంచి గేటుదాకా నడుస్తూ ఎవరు పలకరించినా పలకలేదు. ఆవిడ ముఖం చూశాకే కాపలాదారు ఆ మాట నమ్మాడు.

మర్నాడు తిన్నగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడేం కాదు, తలనొప్పి వస్తుందని తన కంప్యూటరు మీద తువ్వాలు కప్పి, కాగితం మీద కలంతో రాసుకునే మనిషి.

"సార్, నా కీబోర్డు నాకిచ్చెయ్యండి."

"కాలంతో పాటు మనమూ నడవాలమ్మా."

"నడుస్తాను సార్. మిషను మీద టైపు కొట్టినదాన్ని కంప్యూటరు నేర్చుకోలేదా? నీ వల్ల కాదని ఎవరైనా అంటే విన్నానా? ఇది నడక కాదు సార్, కళ్ళకి గంతలు కట్టడం. నా ఎదుటి మనిషి గుండె పట్టుకుని నిలబడితే నేను బొమ్మలు వెతుక్కుంటున్నాను!"

ఆవిడ గొంతు గది దాటి నడవాలోకి వినపడింది. ఫైళ్ళు మోసుకెళ్తున్నవాళ్ళు ఆగిపోయారు. సూపరింటెండెంటు గారి ముఖం ఎర్రబడింది. "అలా అరిస్తే ఎలా? పదిహేనో రోజున మీ అభిప్రాయం చెప్పండి. కొత్తది మీ వల్ల కాదంటే ఆ కిటికీలో ఇంకొకరు కూర్చుంటారు. కింద రికార్డుల గదిలో ఖాళీ ఉంది. అక్కడైతే ఎవర్నీ చూడక్కర్లేదు" అన్నారు.

ఎవర్నీ చూడక్కర్లేదు. ఆ మాట మేకులా దిగింది. కిటికీ పోతే ఆవిడకు ఇంకేం మిగులుతుంది? బాగుందని చెబితే కిటికీ ఉంటుంది, మనుషులు కనపడరు. బాగాలేదంటే కిటికీయే ఉండదు. మూడు రోజులు పళ్ళు బిగబట్టి, చెయ్యెత్తి నొక్కుతూనే కూర్చుంది. ప్రతి నొక్కుడుకూ ముందు ఒకసారి తల తిప్పి మనిషిని చూడాలి, మళ్ళీ తెర చూడాలి. వరస మెట్లదాకా పెరిగింది. జనం విసుక్కున్నారు. "ఏంటక్కా, ముసలిదానివైపోయావా?" అని నవ్విన లారీ డ్రైవరుకు "అవున్రా అబ్బాయ్, ఈ పదిహేను రోజుల్లోనే" అని జవాబిచ్చింది.

పదిహేనో రోజు పొద్దున టైబాబు, సూపరింటెండెంటు గారు ఇద్దరూ వచ్చారు. చీటీలక్క కుర్చీలోంచి లేచింది.

"నా భుజం లేవటం లేదు బాబూ. మధ్యాహ్నందాకా నువ్వు కూర్చో. నువ్వు చేసిందేగా, నాకంటే నీకే బాగా వస్తుంది."

టైబాబు నవ్వి కూర్చున్నాడు. వేళ్ళు బొమ్మల మీద చకచకా ఆడాయి. సూపరింటెండెంటు గారు తల పంకించారు. పది మంది, ఇరవై మంది. పదిన్నరకు చొక్కా చేతులు మడిచాడు. పదకొండుకు టై వదులు చేసి, ఎడంచేత్తో కుడి మోచేతిని కిందనుంచి పట్టుకున్నాడు. పక్కన నిలబడ్డ చీటీలక్క వరసలో నిలబడలేక వంగిపోతున్నవాళ్ళను చూసి ఆయాకు చూపుతో చెబుతోంది, ఆయా కుర్చీలు జరుపుతోంది.

అప్పుడొచ్చాడు ఒకతను. సున్నం మరకల చొక్కా. వెల్లలు వేసే మనిషిలా ఉన్నాడు.

"పేరు?" అన్నాడు టైబాబు, చూపు తెర మీద, వేలు గాల్లో.

జవాబు లేదు.

"పేరు చెప్పండీ."

జవాబు లేదు.

"అయ్యా, మిమ్మల్నే! పేరు చెప్పకపోతే నేనేం నొక్కాలి? వెనక ఇంతమంది ఉన్నారు, కనపడటం లేదా?"

"నీకు కనపడుతోందా బాబూ?" అంది చీటీలక్క.

టైబాబు తలెత్తాడు. కిటికీ అవతల ఆ మనిషి ఒక కాగితం కిటికీ అద్దానికి ఆనించి, ఎప్పటినుంచో పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాని మీద పెద్ద అక్షరాలతో పేరు, ఊరు, కింద "నాకు వినపడదు, మాట రాదు. చెవిలో నొప్పి" అని ఉంది. అతను కోపగించుకోలేదు, అలవాటైపోయినవాడిలా చిన్నగా నవ్వాడు. టైబాబు వేలు గాల్లోనే ఉండిపోయింది. సూపరింటెండెంటు గారు కిటికీ వంక చూసి నేల చూపులు చూశారు.

టైబాబు ఆ పేరు తనే ఒక్కొక్క అక్షరం నొక్కి, చీటీ తీసి, లేచి బయటికెళ్ళి అతని చేతికిచ్చి, చెవుల డాక్టరు గదిదాకా తోడెళ్ళి వచ్చాడు. అంత మంచి అతనిలో ఉందనే చీటీలక్క అప్పటిదాకా అతన్ని ఒక్క మాట అనలేదు. కోపం మాత్రం అలాగే ఉంది.

వచ్చాక గొంతు తగ్గించి, "అభిప్రాయం ఇవ్వాలి మేడమ్" అని తెర మీద ఏదో తాకాడు. ఐదు ముఖాల బొమ్మలు వచ్చాయి. పకపకా నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖందాకా.

"ఇందులో కోపంగా ఉన్న ముఖం ఏది?"

"అది... లేదు మేడమ్. బాగాలేదంటే ఆ ఏడుపు బొమ్మ నొక్కండి."

"నాకు ఏడుపు రావటం లేదు నాయనా. కోపం వస్తోంది. ఎందుకొస్తోందో చెప్పాలి. దానికి చోటెక్కడ?"

చోటు లేదు. పదిహేను రోజులు వాడినదాన్ని గురించి ఒక్క ముక్క రాయడానికి ఆ ముఖాల పక్కన ఎక్కడా చోటు లేదు. చీటీలక్క నడవా దాటి సూపరింటెండెంటు గారి గదిలోకి వెళ్ళి, మూలనున్న గోనెసంచిలో చెయ్యిపెట్టి, తన కీబోర్డు లాక్కొచ్చింది. దారిలో ఎవరూ ఆపలేదు. తీగ ఎక్కడ పెట్టాలో తెలియక తెర చుట్టూ తడుముతుంటే టైబాబే చేతిలోంచి తీసుకుని, వెనకవైపు తగిలించాడు. తెల్లకాగితంలా ఒక పేజీ తెరిచి ముందుంచాడు. అప్పుడు చూశాడు కీబోర్డుని.

"ఇదేంటి మేడమ్, దీని మీద ఒక్క అక్షరమూ లేదు! అన్నీ చెరిగిపోయాయి."

"అక్షరాలు నా దగ్గరున్నాయిలే."

కూర్చుంది. సూపరింటెండెంటు గారి ముఖంలోకి సూటిగా చూస్తూ, కిందికి ఒక్కసారి కూడా చూపు దించకుండా కొట్టింది. తెర మీద వరసలు పడ్డాయి:

"ఈ యంత్రం గేటు దగ్గర పెడితే మంచిది. ఏ గది ఎటో జనం వేలితో తాకి తెలుసుకుంటారు, చదువు రానివాళ్ళకు బొమ్మలు సాయం. మా కిటికీలో వద్దు. దీని ముందు కూర్చుంటే ఎదుటి మనిషి కనపడడు. ఒక పెద్దాయన గుండె పట్టుకుని నిలబడితే నేను కడుపు బొమ్మ నొక్కాను. ఆ తప్పు నాది. మళ్ళీ చెయ్యను, ఎవరు చెప్పినా చెయ్యను. రికార్డుల గదికి పంపాలంటే పంపండి. నా చోట ఎవరు కూర్చున్నా వాళ్ళకు కీబోర్డు ఇవ్వండి."

సూపరింటెండెంటు గారు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు. "సోమవారం మాట్లాడదాం" అన్నారు ఎటో చూస్తూ. వెనక్కి తిరుగుతూ, "ఆ సంచి తుక్కువాడికి ఇవ్వొద్దని చెప్పు" అని ఆయాకు చెప్పి వెళ్ళిపోయారు.

"గెలిచావక్కా!" అంది ఆయా గుసగుసగా.

"ఏం గెలుపే! పెద్దాయన ఇంకా మంచం మీదే ఉన్నాడు" అంది చీటీలక్క. సోమవారం ఏమంటారో దేవుడికే తెలియాలి. టైబాబు తెర మీద పాత చీటీల పేజీ తెరిచి పెట్టాడు. కోపం ఇంకా వేళ్ళలో ఉంది. మీటలు రోజూ కంటే గట్టిగా మోగుతున్నాయి.

కిటికీ ముందుకు ఇంకొకామె వచ్చి, "కాస్త నీరసంగా ఉందమ్మా" అంది. చీటీలక్క ఆమె ముఖంలోకి చూసింది. పెదాలు తెల్లబడి ఉన్నాయి. ఒక చేత్తో కిటికీ గట్టును గట్టిగా పట్టుకుంది.

"ఆయా, కుర్చీ!" అని కేకేసింది, వేళ్ళు ఆపకుండానే.